కత్తి కంటె ముందు కణపరీక్ష

గొంతుకలో క్యాన్సరు అని తేలగానే ఇంటిల్లిపాదీ అడిగే మొదటి ప్రశ్న, "ఆపరేషన్ ఎప్పుడు?" అని. దానికంటె ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉన్నది: "ఇది ఏ రకపు కణాల క్యాన్సరు?" ఈ ప్రశ్న సకాలములో అడగనందువలన ఒక మనిషికి కలిగిన నష్టాన్ని నేను చూశాను. అందులో నా పాలు కూడా ఉన్నది.

తల, మెడ భాగాలలో కలిగే క్యాన్సర్లలో నూటికి 90 వరకు నోటి లోపల, గొంతు లోపల ఉండే పొలుసు కణాల నుంచి పుట్టేవే. వాటికి శస్త్రచికిత్స, రేడియేషన్ ప్రధాన చికిత్సలు. చిన్నకణ క్యాన్సరు వేరు. ఊపిరితిత్తులలో తరచు కనిపించే ఈ వ్యాధి అరుదుగా స్వరపేటికలో, లాలాజల గ్రంథులలో, ముక్కు చుట్టూ ఉండే గాలిగదులలో కూడా పుడుతుంది. స్వరపేటికలో ఇది వచ్చినవారిలో అధికులు దీర్ఘకాలము పొగ త్రాగినవారే.

మా ఆసుపత్రికి బొంగురు గొంతుతో వచ్చిన ఒక రైతు చుట్టలు కాల్చేవాడు. బయాప్సీ నివేదికలో "సరిగా పోల్చుకోలేని క్యాన్సరు" అని ఉన్నది. మరొక పరీక్ష చేయించకుండా నేను ఆయనను శస్త్రచికిత్సకు పంపించాను. స్వరపేటిక తీసివేసిన తరువాత గాని అవి చిన్నకణాలని తేలలేదు. నాలుగు నెలలు తిరగకుండా కాలేయములో మచ్చలు కనిపించాయి. ఆయన మనుమడి పలక తీసుకొని "ఎన్నాళ్ళు?" అని వ్రాసి చూపించాడు. నేను సూటిగా జవాబు చెప్పలేకపోయాను.

ఈ వ్యాధి స్వభావమే వేగముగా వ్యాపించడము. గుర్తించేసరికే మెడలోని లింఫు గ్రంథులకు, కాలేయానికి, ఎముకలకు ప్రాకి ఉండవచ్చు. అందువలన స్వరపేటికలో పుట్టినపుడు, ఆ అవయవాన్ని తీసివేయడమే ముఖ్య చికిత్స కాకూడదు. సిస్ప్లాటిన్ లేక కార్బోప్లాటిన్‌తో ఎటొపొసైడ్‌ను జోడించిన కీమోథెరపీ, దానితోపాటు రేడియేషన్ ఇవ్వడము మేలు. గొంతు కూడా దక్కవచ్చు. లాలాజల గ్రంథిలో, గాలిగదులలో ఒకచోటికే పరిమితమైనపుడు శస్త్రచికిత్సకు చోటు ఉన్నది. కాని అది ఒక్కటే చాలదు.

సూక్ష్మదర్శినిలో ఈ కణాలు లింఫోమాను, చర్మములో పుట్టే మెర్కెల్ కణ క్యాన్సరును పోలి మోసగించగలవు. కణాలలోని గుర్తులను వెదికే ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ పరీక్షతో తేడా తెలుస్తుంది. ఊపిరితిత్తులలో పుట్టి మెడకు వచ్చినదేమోనని ఛాతీకి సి.టి. స్కాన్ గాని, ఒంటికంతటికీ పెట్ స్కాన్ గాని తీయాలి. దీనికి కొన్ని రోజులు పట్టవచ్చు. ఊపిరి ఆడని పరిస్థితి లేకపోతే ఆ రోజులు వృథా కావు. అయితే రకము తేలిన తరువాత చికిత్సకు ఆలస్యము పనికిరాదు.

ఫలితము గురించి దాచవలసిన పని లేదు. స్వరపేటిక చిన్నకణ క్యాన్సరుపై పాత సమీక్షలలో ఐదేళ్ళు జీవించినవారు సుమారు నూటికి ఐదుగురే. లాలాజల గ్రంథులలో పుట్టినది కొంత నయము. మందులకు గడ్డ మొదట త్వరగా కరుగుతుంది. అది చూసి పూర్తిగా నయమైందని తలచరాదు, తిరగబెట్టడము సాధారణము. వ్యాధి వ్యాపించినవారికి ఆయువును కొంత పెంచడము, బాధను తగ్గించడము చికిత్స లక్ష్యాలు. నొప్పి, ఆయాసము, మ్రింగడములో కష్టము తగ్గించే ఉపశమన వైద్యము తొలిరోజునుంచే మొదలు కావాలి. దానిని ఓటమిగా తలచకండి.

కనుక మీ వైద్యుని మూడు ప్రశ్నలు అడగండి. కణము ఏది? ఎంతవరకు ప్రాకింది? ఈ చికిత్స నయము చేయడానికా, ఉపశమనానికా? అడిగితే వైద్యులు నొచ్చుకుంటారని సంకోచించవద్దు. ఆ రోజు నన్ను ఎవరైనా అడిగి ఉంటే, ఆ రైతు "ఎన్నాళ్ళు?" అన్న ప్రశ్నను తన నోటితోనే అడిగి ఉండేవాడు.