తూటా ఒకరిది, మౌనం అందరిది

జింకను కొట్టడానికి ఏ తూటా మంచిది? వేటకు లైసెన్సు ఇచ్చే దేశాల్లో దీనిమీద తెగని చర్చ నడుస్తుంటుంది. నూరు, రెండు వందల మీటర్ల దూరంలో రాగి తొడుగు నిండుగా ఉన్న తూటా ఒంట్లోంచి సన్నగా దూసుకుపోతుంది. జింక వెంటనే పడదు. ఏ పొదల్లోకో పరిగెత్తి, నెత్తురోడుతూ గంటల తరబడి కొట్టుకోవచ్చు. మొన మెత్తగా ఉన్న తూటా లోపల విచ్చుకుంటుంది. అది భుజం వెనక తగిలితే ఊపిరితిత్తులు ఛిద్రమై జింక కాసేపట్లోనే కూలుతుంది. తూటాలోని సీసపు తునకలు మాంసంలో మిగిలి తిన్నవారికీ, కళేబరం మీద వాలిన పక్షులకూ హాని చేస్తాయని డెన్మార్క్ 2024లో వేట తూటాల్లో సీసాన్నే నిషేధించింది. చంపడానికి అనుమతి ఉన్న చోట కూడా, ఎలా చంపుతున్నామనే ప్రశ్న మనిషిని వదల్లేదు.

మన దేశం అంతకంటే పెద్ద మాట ఇచ్చింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నేరం చేసింది. కృష్ణజింకను చంపితే మూడు నుంచి ఏడేళ్ల జైలు. కాబట్టి ఇక్కడ వినోదం కోసం జింకను కొట్టడానికి మంచి తూటా అంటూ లేదు.

అయినా ఢిల్లీ చుట్టుపక్కల తుపాకులు మోగుతూనే ఉన్నాయి. 2005 జూన్‌లో హర్యానాలోని ఝజ్జర్ దగ్గర ఓ వాహనంలో చచ్చిన కృష్ణజింక దొరికింది. నిందితుల్లో దేశమంతా అభిమానించిన క్రికెటర్ కూడా ఉన్నారు. 2017లో మీరట్‌లో ఓ విశ్రాంత సైనికాధికారి ఇంట్లో సోదా చేస్తే తుపాకులతో పాటు వంద కిలోలకు పైగా మాంసం బయటపడింది. అది నీల్‌గాయ్‌దని అధికారులు అనుమానించారు.

వంద కిలోల మాంసం ఒక్క ఇంటివాళ్లు తినేది కాదు. అలాంటి మాంసం ఎక్కడున్నా దాని వెనక వండేవాళ్లు, వడ్డించేవాళ్లు, లొట్టలేసేవాళ్లు, చూసీ చూడనట్టు ఊరుకునేవాళ్లు ఉంటారు. రాత్రిపూట జీపు లైటు కళ్లలో పడితే జింక కదలకుండా నిలబడిపోతుంది. దాన్ని కాల్చడంలో శౌర్యమేముంది? అది గొప్పగా చెలామణీ అవుతోందంటే, వినేవాళ్లు మెచ్చుకుంటున్నారు కనుకనే.

మీరట్ జిల్లాలోనే హస్తినాపురం ఉంది. ఆ పేరుతోనే అభయారణ్యమూ ఉంది. హస్తినను ఏలిన పాండురాజు జింక రూపంలో ఉన్న కిందమ మునిని బాణాలతో కొట్టి, జింకల్ని చంపడం రాజధర్మమేనని వాదించాడు. వేటను తప్పు పట్టడం లేదు, జతకూడిన వేళ కొట్టడమే పాపమని ముని బదులిచ్చాడు. వేట రాజులకు చెల్లిన కాలంలోనూ దాటరాని గీత ఒకటి ఉంది. వేటే చెల్లని కాలంలో మనం ఏ గీత దాటుతున్నామో ఆలోచించుకోవద్దా?

నోయిడాలో, గురుగ్రామ్‌లో, ద్వారకలో స్థిరపడ్డ తెలుగువాళ్లం మనం. ఆంధ్రప్రదేశ్ కృష్ణజింకను, తెలంగాణ జింకను రాష్ట్ర జంతువులుగా చేసుకున్నాయి. వనస్థలిపురంలో కృష్ణజింకల కోసం 1975లోనే ఓ వనం వెలిసింది. ఆ గౌరవం ఊరు దాటగానే వదిలేసేది కాకూడదు.

ఫామ్‌హౌస్ విందులో జింక మాంసమని గుసగుసగా వడ్డిస్తే కంచం పక్కకు జరపండి. ఎందుకు తినరో అందరూ వినేలా చెప్పండి. వేట ఫొటో ఎవరైనా పంపితే మెచ్చుకోకండి, నిలదీయండి. అటవీ శాఖకు గానీ, ఢిల్లీలోనే ఉన్న వన్యప్రాణి నేరాల నియంత్రణ బ్యూరోకు గానీ తెలియజేయండి. కేసు ఏళ్లు సాగినా సాక్ష్యం మార్చకండి. తుపాకీ గురి మీద మోజున్న పిల్లల్ని తుగ్లకాబాద్‌లోని కర్ణీసింగ్ షూటింగ్ రేంజికి తీసుకెళ్లండి. అక్కడ కాగితం మీద గురి చూసి పతకాలు తెచ్చుకోవచ్చు.

చట్టం యాభై ఏళ్ల కిందటే తన పని చేసింది. అడవికి దిక్కుగా నిలవాల్సింది ఇక మనం. వేటగాడికి దక్కే మెప్పు మన చేతుల్లోనే ఉంది. దాన్ని ఈరోజే ఆపేద్దాం.