నల్ల ఇసుక, తెల్ల ఇసుక

గొల్లపల్లి నుంచి ఏడో తరగతి చదివే పాఠకురాలు మాకు ఉత్తరం రాసింది. "సెలవుల్లో ధర్మపురి వెళ్ళి గోదావరి ఇసుకలో ఆడుకున్నాం. సముద్రం ఒడ్డున ఇసుక కూడా ఇలాగే ఉంటుందా? నేను ఇంతవరకు సముద్రం చూడలేదు," అని అడిగింది.

చూడకపోవటంలో వింత లేదు. తెలంగాణకు సముద్రతీరమే లేదు. అందుచేత ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ ఈ నెల మనం కొంచెం దూరమే పోదాం. ఎంత దూరమంటే, గొల్లపల్లిలో మధ్యాహ్నం మూడున్నర అయినప్పుడు అక్కడ ఇంకా ఉదయం ఆరు గంటలే!

మీ బడిలో గోళం ఉంటే మచిలీపట్నం మీద వేలు పెట్టండి. వేలిని పైకీ కిందికీ పోనివ్వకుండా తిన్నగా పడమరకు జరపండి. దక్కను దాటి, అరేబియా సముద్రం దాటి, ఆఫ్రికా ఖండమంతా దాటి, అట్లాంటిక్ మహాసముద్రం కూడా దాటితే, అమెరికా ఖండాల ముంగిట పూసలదండలాగా కొన్ని చిన్న దీవులు కనిపిస్తాయి. అవే కరీబియన్ దీవులు. మీ వేలి కింద ఉన్న దీవి పేరు గ్వాడెలూప్. మచిలీపట్నమూ అదీ ఇంచుమించు ఒకే అక్షాంశం మీద ఉన్నవి కనుక అక్కడా మన ఎండే, మన కొబ్బరిచెట్లే, మన మామిడిచెట్లే, మన చెరకుతోటలే!

అన్ని దీవులుండగా దీన్నే ఎంచుకోవటానికి రెండు కారణాలున్నాయి. మొదటిది, ఒక్కరోజులోనే కారులో తిరిగి తెల్ల ఇసుకనూ నల్ల ఇసుకనూ కూడా చూడవచ్చు. రెండోది దారిలో చెబుతాను.

గ్వాడెలూప్ 1946 నుంచీ ఫ్రాన్సు దేశంలో ఒక జిల్లా వంటిది. విమానం దిగగానే అద్దెకు కారు దొరుకుతుంది. డ్రైవరు రాడు; మనమే నడుపుకోవాలి. ఇందుకు పెద్దవాళ్ళు ఇక్కడి రవాణా కార్యాలయంలో అంతర్జాతీయ డ్రైవింగు అనుమతి ముందుగా తీసుకుని ఉండాలి. స్టీరింగు ఎడమవైపున ఉంటుంది, బండ్లన్నీ రోడ్డుకు కుడివైపున నడుస్తాయి. మన దేశానికి ఇది సరిగ్గా తలకిందులు. నడిపే నాన్నగారికి కొత్తదనం అరగంటలో పోతుంది. అసలు జాగ్రత్తగా ఉండవలసింది మీరే! ఇక్కడ రోడ్డు దాటేటప్పుడు మీరు మొదట కుడివైపు చూస్తారు. అక్కడ మొదట ఎడమవైపు చూడాలి, ఎందుకంటే బండి అటునుంచి వస్తుంది. అలవాటు చొప్పున కుడివైపే చూసి అడుగు వేశారంటే ప్రమాదం. పదేళ్ళలోపు పిల్లలు ముందు సీటులో కూర్చోవటానికి ఫ్రెంచి చట్టం మామూలుగా ఒప్పుకోదు. కనుక మీరు వెనక కూర్చుని, పటం ఒళ్ళో పెట్టుకుని దారి చెప్పండి.

పటంలో ఈ దీవి రెక్కలు చాచిన సీతాకోకచిలుకలాగా ఉంటుంది. నిజానికి ఇవి రెండు దీవులు. మధ్యన సన్నని సముద్రపుపాయ ఒకటి ఉంది. దాన్ని ఉప్పునది అంటారు. దాని మీద వంతెనలున్నాయి. తూర్పు రెక్క పేరు గ్రాండ్ తేర్, అంటే "పెద్ద నేల." పడమటి రెక్క పేరు బాస్ తేర్, అంటే "పల్లపు నేల." తమాషా ఏమిటంటే, పెద్ద నేల చిన్నది, పల్లపు నేల నిండా కొండలు! తెరచాప ఓడలవాళ్ళు గాలి వచ్చే వైపును ఎగువ అనీ, గాలి పోయే వైపును దిగువ అనీ అనేవారు. బాస్ తేర్ గాలికి దిగువన ఉన్నది కనుక దానికా పేరు వచ్చిందంటారు. పేరు చూసి ఊరి ఎత్తు చెప్పబోతే పరీక్షలో సున్నా వస్తుంది.

ముందుగా తూర్పు రెక్క మీదికి పోదాం. ప్వాంతాపిత్ర్ పట్టణం దాటి తీరం వెంబడి పోతే సెంత్ ఆన్ అనే ఊరు వస్తుంది. అక్కడి ఇసుక బియ్యపు పిండిలాగా తెల్లగా ఉంటుంది. నీరు లోతు లేక, కెరటాలు లేక, లేత నీలంగా ఉంటుంది. కొంచెం దూరాన నీటి అడుగున పగడపు దిబ్బలు అడ్డుగోడలాగా నిలిచి పెద్ద కెరటాలను ఆపివేస్తాయి.

ఈ ఇసుక ఎక్కడిది? ఇది రాతినుంచి పుట్టినది కాదు, ప్రాణులనుంచి పుట్టినది! పగడపు పురుగులు అనే చిన్న ప్రాణులు సముద్రపు నీటిలో కరిగి ఉన్న సున్నాన్ని తీసుకుని తమ ఒంటిచుట్టూ గూళ్ళు కట్టుకుంటాయి. నత్తలూ, ఆల్చిప్పలూ కూడా ఆ సున్నంతోనే ఇళ్ళు కట్టుకుంటాయి. కెరటాలు వాటిని విరగ్గొట్టి నూరుతాయి. చిలక చేప అని ఒక చేప ఉంది. చిలక ముక్కు వంటి పళ్ళతో అది పగడపు దిబ్బను కొరికి, దాని మీది పాచిని తిని, రాతిపొడిని కడుపులోనుంచి ఇసుకగా వదిలేస్తుంది. తెల్లని మెత్తని ఆ ఇసుకలో కొంత భాగం చేపల కడుపులోనుంచి వచ్చినదేనంటే అక్కడ పడుకుని ఎండ కాచుకునేవాళ్ళు నమ్మరు. ఇసుకే కాదు, తూర్పు రెక్క నేల అంతా ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న సున్నపురాయే.

నమ్మకం కలగాలంటే ఇంట్లోనే పరీక్ష చేయవచ్చు. కోడిగుడ్డు పెంకు కడిగి, నలిపి, దాని మీద నిమ్మరసం పిండండి. కాసేపటికి సన్నని బుడగలు లేస్తాయి. పెంకులోని సున్నపు పదార్థం పులుపుతో కలిసి బొగ్గుపులుసు గాలిని వదులుతున్నదన్నమాట. సెంత్ ఆన్ ఇసుక మీద నిమ్మరసం వేసినా ఇలాగే పొంగుతుంది. గోదావరి ఇసుక మీద వేస్తే ఆ రేణువులు పొంగవు. అయితే పరీక్ష కోసమని అక్కడి ఇసుక సంచిలో పోసుకుని రాకూడదు. తీరపు ఇసుక తీసుకుపోవటం ఫ్రెంచి చట్టం ప్రకారం నేరం.

నీడ కోసం చెట్టు కిందికి పోయేముందు మొదట్లో ఎర్రరంగు పట్టీ ఉన్నదేమో చూడండి. ఉంటే అది మాన్షినీల్ చెట్టు. చిన్న పచ్చ ఆపిలుపండ్లలాగా కాయలు కాస్తుంది. కాయా విషమే, పాలూ విషమే. వానలో ఆ చెట్టు కింద నిలబడితే ఆకులమీదనుంచి జారే నీటికే ఒళ్ళు బొబ్బలెక్కుతుంది. కొన్ని రోజుల్లో తూర్పు తీరాన గోధుమరంగు సముద్రపు నాచు కుప్పలుగా కొట్టుకువచ్చి కుళ్ళిన గుడ్ల కంపు కొడుతుంది. 2011 నుంచీ ఈ బెడద ఎక్కువైంది. అటువంటి రోజున ముక్కు మూసుకుని ఇంకో ఒడ్డుకు పోవటమే మంచిది.

ఇక కారు వెనక్కు తిప్పి, వంతెన మీద ఉప్పునది దాటుదాం. దాటగానే దేశం మారినట్టుంటుంది. ఎదురుగా పచ్చని కొండలు, వాటి మీద మబ్బులు, రోడ్డు పక్కన అరటితోటలు. తూర్పు తీరం వెంట దక్షిణానికి పోతే కాపెస్తేర్ అనే ఊరు. ఆ రోడ్డు పక్కనే ఉన్నట్టుండి రంగురంగుల దేవతా విగ్రహాలతో ఒక గుడి కనిపిస్తుంది! షాంజీ అనే చోట ఉన్న ఈ గుడిలో అమ్మవారు మారియమ్మ. అక్కడివాళ్ళు "మాలియెమెన్" అంటారు.

ఇంత దూరాన మారియమ్మ ఎలా వచ్చింది? నేను చెబుతానన్న రెండో కారణం ఇదే.

ఈ దీవిలోని చెరకుతోటల్లో వెనక ఆఫ్రికానుంచి పట్టితెచ్చిన బానిసలు పని చేసేవారు. 1848లో ఫ్రాన్సు బానిసత్వాన్ని రద్దు చేసింది. స్వేచ్ఛ వచ్చినవాళ్ళు చాలామంది ఆ తోటల ముఖం చూడలేదు. తోటల యజమానులు కూలీల కోసం మన దేశం వైపు చూశారు. 1854 డిసెంబరులో ఒరేలీ అనే ఓడ మన దేశపు కూలీలతో గ్వాడెలూప్ చేరింది. అది మొదలు 1889 దాకా నలభై రెండువేలకు పైగా మనుషులు అలా వచ్చారు. ఎక్కువమంది పుదుచ్చేరి, కారైకాల్ రేవుల్లో ఓడ ఎక్కిన తమిళులు. వారిలో తెలుగువారూ ఉన్నారు. ధర్మపురి దగ్గర మీరు చూసే గోదావరి, సముద్రంలో కలిసేముందు యానాం పక్కగా పోతుంది కదా! ఆ యానాం కూడా అప్పట్లో ఫ్రెంచివారిదే. అక్కడినుంచి 1828లోనే కొందరు తెలుగువారు ఆఫ్రికా దగ్గరి రీయూనియన్ దీవికి కూలికి పోయారు.

ఒప్పందం అయిదేళ్ళు. ఆ తరవాత ఖర్చు లేకుండా ఇంటికి చేరుస్తామని మాట. కాని సముద్రం మీద మూడు నెలలు, తోటల్లో ఎండా, జ్వరాలూ. ఎందరో అయిదేళ్ళు పూర్తి కాకుండానే చనిపోయారు. తిరిగి ఇల్లు చేరినవారు నాలుగోవంతు కూడా లేరు. మిగిలినవారికి పిల్లలు పుట్టారు. గుమాస్తాలు ఫ్రెంచి చెవులతో విని పేర్లు రాసుకున్నారు. చిదంబరం "సిదాంబరోం" అయినాడు. ఇంట్లో మాట మెల్లగా ఆ దీవి మాటే అయింది. పసుపూ, ధనియాలూ, జీలకర్రా, ఆవాలూ, మెంతులూ కలిపిన పొడి మాత్రం పోలేదు. దానితో వండిన కూరను "కొలంబో" అంటారు. ఇప్పుడది దీవిలో అందరి వంట. మధ్యాహ్న భోజనం ఇక్కడే చెయ్యండి.

ఆ సిదాంబరోం పేరుగల మనిషి కథ వినదగినది. హెన్రీ సిదాంబరోం 1863లో ఈ కాపెస్తేర్‌లోనే పుట్టాడు. 1904లో, ఇక్కడే పుట్టిపెరిగిన భారతీయుల పిల్లలను ఓటర్ల జాబితాలో చేర్పించబోయాడు. గవర్నరు కాదన్నాడు. "వీళ్ళ తల్లిదండ్రులు బ్రిటిషు ఇండియానుంచి వచ్చారు, కనుక వీళ్ళు బ్రిటిషు ప్రజలు," అన్నది వారి వాదన. బ్రిటిషు రాజ్యాన్ని కంటితో చూడనివాళ్ళు బ్రిటిషు ప్రజలట! తాము పుట్టిన ఊళ్ళో, తాము దున్నిన నేల మీద, వాళ్ళు పరాయివాళ్ళట! సిదాంబరోం వ్యాజ్యానికి దిగాడు. దీవిలోని కోర్టులనుంచి పారిస్‌లోని మంత్రుల దాకా అర్జీలు నడిచాయి. ఒకటి రెండేళ్ళు కాదు, 1923లో గాని ఆ తగవు తీరలేదు. భారతీయ సంతతివారు ఫ్రెంచి పౌరులేనని తేలింది. నలభై ఏళ్ళ వయసులో మొదలుపెట్టిన పని ముగిసేనాటికి ఆయనకు అరవై ఏళ్ళు నిండవచ్చాయి. ఆయన 1952 దాకా జీవించాడు.

కాపెస్తేర్ దాటినాక పైకి తిరిగే రోడ్డు పట్టుకుంటే కార్బే జలపాతాలకు పోవచ్చు. రెండో జలపాతం ఎత్తు 110 మీటర్లు. దాని వెనక మబ్బుల్లో దాక్కున్నది సూఫ్రియేర్ అగ్నిపర్వతం. ఎత్తు 1467 మీటర్లు. శిఖరం మీద ఇప్పటికీ గంధకపు ఆవిర్లు లేస్తూ ఉంటాయి. 1976లో అది గర్జించి బూడిద కక్కినప్పుడు డెబ్బైవేలమందికి పైగా మనుషులను ఇళ్ళు ఖాళీ చేయించారు. నెలలు గడిచినా పెద్ద పేలుడు రాలేదు. అనవసరంగా తిప్పలు పెట్టారని కొందరు శాస్త్రజ్ఞులే తిట్టారు. మా మటుకు మాకు, వెళ్ళిపోవటమే మేలనిపిస్తుంది. పొరుగున ఉన్న మార్టినీక్ దీవిలో 1902లో పెలే పర్వతం పేలినప్పుడు సెన్ పియేర్ పట్టణం ఖాళీ చేయించలేదు. కొద్ది నిమిషాల్లో ఇరవై ఎనిమిదివేలమంది దాకా చనిపోయారు.

పర్వతం దిగి తీరం చేరితే త్రువా రివియేర్, అంటే "మూడు నదులు" అనే ఊరు. అక్కడి సముద్రపు ఒడ్డు చూడండి. ఇసుక బొగ్గుపొడిలాగా నల్లగా ఉంటుంది! అగ్నిపర్వతం కక్కిన రాయి చల్లారి నల్లబడుతుంది. వాగులు దాన్ని దొర్లిస్తాయి, కెరటాలు పిండి చేస్తాయి. నలుపు ఎండను పీల్చుకుంటుంది కనుక మిట్టమధ్యాహ్నం చెప్పులు లేకుండా నడిస్తే అరికాళ్ళు కాలతాయి. సాయంత్రం దిగండి. కెరటాలు మాత్రం ఇక్కడ బలమైనవి, పెద్దవాళ్ళ చెయ్యి వదలకండి. చీకటి కూడా త్వరగా పడుతుంది. ఆరుంపావు, ఆరున్నర కల్లా కారు దీపాలు వెలిగించవలసిందే.

ఈ నల్ల ఇసుకలో మాగ్నటైటు అనే ఇనుప ఖనిజం కలిసి ఉంటుంది. మన పూర్వులు సూదంటురాయి అన్నది దీన్నే. అయస్కాంతం దగ్గరకు తెస్తే ఆ రేణువులు ఎగిరి అంటుకుంటాయి.

ఇది చూడటానికి గ్వాడెలూప్ దాకా పోనక్కరలేదు. గోదావరి నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టింది. అక్కడినుంచి చాలా దూరం అది ప్రవహించేది నల్లరాతి నేల మీద. ఆ రాయి ఆరున్నర కోట్ల సంవత్సరాల క్రితం భూమి పగుళ్ళలోనుంచి పొంగి గడ్డకట్టిన లావాయే. ఈసారి ధర్మపురి వెళ్ళినప్పుడు పాత రేడియోలోని అయస్కాంతం ఒకటి కాగితంలో చుట్టి పట్టుకుపోండి. నీటికి ఎడంగా, పొడి ఇసుకలో నాలుగుసార్లు ఈడ్చండి. కాగితానికి నల్లని మీసాలు మొలుస్తాయి. అవి మహారాష్ట్ర లావా నేలల మీదనుంచి నది మోసుకువచ్చిన రేణువులు కావచ్చు. కాగితాన్ని అయస్కాంతం నుంచి విడదీస్తే అవి పొట్లంలోకి రాలతాయి. మిగిలిన ఇసుక చిటికెడు ఇంటికి తెచ్చి నిమ్మరసం వేసి చూడండి. ఒకటి రెండు రేణువులు పొంగితే, భూతద్దం తీసుకుని పరీక్షగా చూడండి; అవి విరిగిన నత్తగుల్లల ముక్కలు అయి ఉంటాయి.