ఉప్మా ఏ లింగము?

విదేశయాత్రల ముచ్చట్లు వ్రాయడం నాకంతగా రుచించదు. కోటలు, వంతెనలు, నదులు ఎవరు చూచినా ఒకటే. వాటి ఛాయాచిత్రాలు అంతర్జాలంలో కావలసినన్ని ఉన్నాయి. కాని 2015 ఆగస్టులో జర్మనీలోని హైడెల్‌బెర్గు విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా కూర్చున్న నాలుగు వారాలను గురించి చెప్పకపోతే ఒక బాకీ మిగిలిపోయినట్లుగా ఉంటున్నది. ఆ బాకీ నా దగ్గర చదువుకొన్న పిల్లలకు నేను పడ్డది.

ఆ సంవత్సరమే పదవీ విరమణ చేశాను. యాభై యెనిమిదేళ్ళ వయస్సు, ముప్పైమూడేళ్ళ తెలుగు పండితోద్యోగం. మా అబ్బాయి వాల్‌డోర్ఫ్ అనే ఊళ్ళో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తూ దగ్గరలోని లైమెన్‌లో కాపురముండేవాడు. (టెన్నిసు ఆటగాడు బోరిస్ బెకర్ పుట్టిన ఊరట. నాకు క్రీడాజ్ఞానం శూన్యం గనుక ఆ గొప్ప నాకంటలేదు.) "మూడు నెలలు ఇంట్ల కూసోని ఏం జేస్తవు బాపూ" అని వాడే వెతికాడు. హైడెల్‌బెర్గులోని దక్షిణాసియా అధ్యయన సంస్థవారు 2000వ సంవత్సరం నుంచి వేసవిలో సంస్కృత సంభాషణకు ఒక పాఠశాల నడుపుతున్నారని చెప్పి, రుసుము కట్టి చేర్పించాడు.

నాకు గర్వం లేదంటే అబద్ధమవుతుంది. ప్రాచ్యకళాశాలలో చదువుకొన్నవాణ్ణి. శబ్దమంజరి, అమరకోశం నోటికి వచ్చు. రఘువంశంలో రెండు సర్గలు ఈనాటికీ పుస్తకం ముట్టకుండా ఒప్పజెప్పగలను. ఆ దేశపు పిల్లల నడుమ నేను కూర్చోవలసింది బల్ల మీద కాదు, ఆచార్యులవారి ప్రక్క కుర్చీలో అనుకొంటూనే ట్రాము ఎక్కాను.

ఆచార్యులు భారతీయులే. మొదటి రోజున ఒక్కొక్కరినీ చూచి చిన్న చిన్న ప్రశ్నలు అడుగుతున్నారు. నా వంతు వచ్చింది. "ప్రాతః భవాన్ కిం ఖాదితవాన్?" అన్నారు. ప్రొద్దున ఏమి తిన్నారని, అంతే. అక్షరమక్షరం అర్థమైంది. 'ఖాదితవాన్' క్తవతు ప్రత్యయాంతమని, పుంలింగ ప్రథమా విభక్తి ఏకవచనమని మనస్సులో వ్యాకరణం పరుగెత్తుతూనే ఉన్నది. నోరు మాత్రం పెగలలేదు. ఆ ప్రొద్దున కోడలు ఉప్మా పెట్టింది. ఉప్మాకు సంస్కృతమేమిటి? బొంబాయి రవ్వకు అమరంలో మాట ఉన్నదా? ఉన్నా అది ఏ లింగము? ద్వితీయ ఎట్లా వేయాలి? "అహం... అహం..." అని రెండు మారులు అని ఆగిపోయాను. ప్రక్కనున్న పోలండు దేశపు అమ్మాయి, ఇరవై మూడేళ్ళుంటాయేమో, నా అవస్థ చూచి ఏమి తిన్నావని ఇంగ్లీషులో అడిగింది. చెప్పాను. వెంటనే మెల్లగా అందించింది: "ఉప్మాం ఖాదితవాన్." ఆకారాంతం గనుక స్త్రీలింగం, రమా శబ్దం వలె. అప్పటికప్పుడు తేల్చేసింది. ఉప్మా అంటే ఏమిటో మాత్రం ఆ పిల్లకు తెలియదు!

ఆ యేడు అక్కడ ఎండలు కూడా విపరీతం. జూలై 5న, మళ్ళీ ఆగస్టు 7న బవేరియాలోని కిట్జింగెన్‌లో 40.3 డిగ్రీలు నమోదై, ఆ దేశానికి అప్పటికి అదే రికార్డయింది. మా కరీంనగరంలో మే నెలలో ఆ అంకెను ఎవరూ పట్టించుకోరు. కాని ఫ్యాను లేని గదిలో కూర్చుని, కుమారసంభవం పాఠం చెప్పిన నోటితో "నాకు దాహమవుతున్నది" అని సంస్కృతంలో అనడానికి తడుముకొంటుంటే చెమట ఎందువల్ల పోస్తున్నదో చెప్పడం కష్టం.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. "జర్మనీలో అందరూ సంస్కృతం నేర్చుకొంటున్నారు, మనమే వదిలేశాము" అని వాట్సాపులో సందేశాలు తిరుగుతుంటాయి. అది మన ఆత్మతృప్తికి పుట్టిన మాట. మా తరగతిలో ఉన్నది పదిహేనుమందికి లోపే. ఒకరు వ్రాతప్రతులు పరిశోధించేవారు, ఒకరు యోగ నేర్పేవారు, మిగిలినవారు చాలావరకు భారతీయ విద్యలు చదివే విద్యార్థులు. సంస్కృతం కంప్యూటరుకు పనికివచ్చే భాష అని అక్కడ ఎవరూ అనగా వినలేదు. వారికి సంస్కృతం పవిత్రమూ కాదు, ఉపయోగకరమూ కాదు. తెలుసుకోదగినది, అంతే.

నిజానికి వారిది కూడా కంటితో చదివిన సంస్కృతమే. 1818లో బాన్ విశ్వవిద్యాలయంలో ష్లెగెల్‌కు సంస్కృతాచార్య పదవి ఇచ్చారు. బోట్లింక్, రోట్ పండితులు 1855 నుంచి 1875 వరకు ఇరవై యేళ్ళపాటు అచ్చువేయించిన ఏడు సంపుటాల నిఘంటువుకు సాటి రాగలది ఈనాటికీ అరుదు. ఋగ్వేదాన్ని సాయణభాష్యంతో అచ్చొత్తించిన మాక్స్ ముల్లరు భారతదేశంలో అడుగే పెట్టలేదు. రెండు శతాబ్దాలు పుస్తకంతోనే సాగించినవారు, ఇప్పుడు నాలుకకు కూడా పని చెబుదామని చిన్నపిల్లల వలె తప్పులు మాట్లాడుతూ కూర్చోవడం నన్ను కదిలించింది. తప్పు వస్తే ఎవరూ నవ్వరు. ఆచార్యులు ఆ వాక్యాన్నే సరిచేసి తాము ఒకసారి పలుకుతారు, తరువాత ప్రశ్నకు పోతారు. తప్పు చేసినవాడికి తన తప్పు తెలుస్తుంది, పదిమందిలో తలవంపు ఉండదు.

అయితే ఆ పద్ధతి అంతా నాకు నచ్చిందని కాదు. లకారాలు పది ఉండగా గతకాలమంతా క్తవతుతో గడుపుకోవడం, ఎవరినైనా 'భవాన్, భవతీ' అని పిలిచి మధ్యమ పురుషను మూలన కూర్చోబెట్టడం చూస్తే నాలోని పండితుడికి ప్రాణం విలవిలలాడింది. అంతేకాదు, ముందు కొంత వ్యాకరణం చదివి వచ్చినవారే అక్కడ బాగుపడ్డారు. ఆ పోలండు పిల్లకు రమా శబ్దం రాకపోతే ఉప్మా స్త్రీలింగమయ్యేదా? వ్యాకరణం దండగ అనేవారికి ఇది జవాబు. నా దుఃఖం వేరు. నాకు రమా శబ్దం ఆమె పుట్టకముందే వచ్చు. దానిని నేను ఏనాడూ వాడలేదు.

మూడవ వారంలో ఒకనాడు, నెకార్ నది మీది పాత వంతెన దగ్గర కూర్చుని మరునాటి పాఠం చూస్తుంటే, ఏడో తరగతిలో తండా నుంచి వచ్చిన ఒక పిల్లవాడు గుర్తుకు వచ్చాడు. వాడి ఇంటి భాష లంబాడీ. తరగతిలో లేచి "మా అమ్మ వచ్చాడు సార్" అన్నాడు. పిల్లలందరూ ఘొల్లుమన్నారు. నేను నవ్వలేదని ఇన్నేళ్ళూ అనుకొన్నాను, నవ్వాను. ఆ పైన మహద్వాచకం, అమహద్వాచకం అని పావుగంట ఉపన్యసించాను. అక్కడ నేను చెప్పిన ప్రతి ముక్కా సరియైనదే. పదవ తరగతి దాటేవరకు వాడు నా తరగతిలో లేచి ఒక వాక్యం మాట్లాడలేదు. పరీక్షలు వ్రాశాడు, ఉత్తీర్ణుడయ్యాడు. నా లెక్కల్లో అది నూటికి నూరుపాళ్ళ ఫలితం.

గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ సవర మాట్లాడేవారి వద్ద ఆ భాష నేర్చుకొన్నారు. ఆ పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించాలని పూనుకొన్నారు. 1931లో ఆ భాషకు వ్యాకరణ గ్రంథం వెలువరించారు. మా పండిత శిక్షణలో ఆయన పేరు 'వ్యావహారిక భాషోద్యమం' అనే పది మార్కుల ప్రశ్నగా వచ్చింది. ఉపాధ్యాయుడే విద్యార్థి భాషకు విద్యార్థి అయ్యాడన్న సంగతి ఆ పది మార్కులలో లేదు. ముప్పైమూడేళ్ళలో లంబాడీలో "రా, కూర్చో" అనడం కూడా నేను నేర్చుకోలేదు.

మాకూ వేసవి శిక్షణలు జరిగేవి. ఉపన్యాసం, తేనీరు, సంతకం, భోజనం, ఉపన్యాసం. భాషోపాధ్యాయులకు నాకు తెలియవలసింది ఒకటే అనిపిస్తుంది: ప్రతి తెలుగు పండితుణ్ణి ఉద్యోగంలో ఒక్క వేసవిలోనైనా తనకు రాని భాష తరగతిలో నాలుగు వారాలు కూర్చోబెట్టాలి. గోండి కానీ, కోయ కానీ, లంబాడీ కానీ. అందులో పండితులు కావాలని నా అభిప్రాయం కాదు. తెలిసిన మాట నోటికి రాక నిలబడితే ఎట్లా ఉంటుందో ఒక్కసారి తెలియాలి. దీనికి ఖర్చు కూడా పెద్దగా లేదు. గురువులు తండాల్లో, గూడేల్లోనే ఉన్నారు. మన విశ్వవిద్యాలయాలకు వేసవిలో గదులు ఖాళీగానే ఉంటాయి. పండితమిత్రులు కొందరికి ఈ మాట చెబితే "ఈ వయస్సులో మాకు అవమానాలా" అన్నారు. నా వాదానికి అంతకంటె బలమైన ఆధారం దొరకదు.

ఇంటి సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. మనవరాలికి అప్పుడు ఆరేళ్ళు. తెలుగు అర్థమవుతుంది, నాతో మాత్రం జర్మనులోనే బదులు చెప్పేది. కారణం నేనేనని నాకు తెలియదు. "తాతా, నాకు ఆకలి ఉంది" అంటే, "ఆకలి ఉంది కాదమ్మా, ఆకలి వేస్తున్నది అనాలి" అని రెండుసార్లు పలికించి గాని పళ్ళెం వేసేవాణ్ణి కాదు. చివరి వారంలో ఒక సాయంకాలం ట్రాములో దానిని పట్టణానికి తీసుకొనిపోయి తిరిగివస్తున్నాను. "తాతా, నాకు ఆకలి ఉంది, నీకు ఉందా?" అన్నది. అలవాటు కొద్దీ నోరు తెరిచి, మూసుకొన్నాను. "నాకు చాలా వేస్తున్నదమ్మా, ఏమి తిందాము?" అన్నాను. లైమెన్ వచ్చేవరకు తన బడి సంగతులు చెబుతూనే ఉన్నది. దోషాలు లెక్కపెట్టలేదు.