షీల్డు బీరువా మీదికి పోతుంది, పుస్తకం చేతిలోకి వస్తుంది



ఈ ఏడు మంచి మార్కులు తెచ్చుకున్న పిలకాయలకు బహుమతులిచ్చే విషయంగా కమిటీ వాళ్ళు పంపిన కొటేషన్ అందరూ చూసే ఉంటారు. షీల్డులు 40, ఒక్కొక్కటి 450 రూపాయలు. సంఘం పేరు అచ్చు వేసిన బ్యాగులు 40, ఒక్కొక్కటి 350. దాతల పేర్లు వేసిన నీళ్ళ బాటిళ్ళు 40, ఒక్కొక్కటి 200. మొత్తం 40,000. గ్రూపులో దాదాపు అందరూ బొటనవేలు గుర్తు పెట్టేశారు. నేను పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో చెప్పడానికే ఈ పొడుగు ఉత్తరం. కడదాకా చదవండి. ఒప్పకపోతే జనరల్ బాడీలో నిలబెట్టి అడగండి, జవాబు చెప్తాను.

మొదట బ్యాగు సంగతి చూద్దాం. మన తమిళనాడు సర్కారు, తన బళ్ళలో, ఎయిడెడ్ బళ్ళలో చదివే పిలకాయలకు పాఠపుస్తకాలు, నోటు పుస్తకాలు, బ్యాగు, చెప్పులు, జామెట్రీ బాక్సు, రంగు పెన్సిళ్ళు, అట్లాసు ఉచితంగా ఇస్తా ఉంది. పదకొండో తరగతికి పోతే సైకిలు. లాప్‌టాప్ ఇచ్చే పథకం 2011 సెప్టెంబరు 15న మొదలైంది మన తిరువళ్ళూరు పక్కన కాక్కళూరులోనే. అంటే సర్కారు బడి పిలకాయల దగ్గర బ్యాగు ఉంది. ప్రైవేటు బడి పిలకాయలకు బడి వాళ్ళే తమ పేరు వేసిన బ్యాగు అంటగడతారు, అది తప్ప వేరేది తేనివ్వరు. మరి మన బ్యాగు ఎవరు మోస్తారు? వాళ్ళ నాన్న టిఫిన్ బాక్సు పెట్టుకుని పోతాడు, లేకపోతే రేషన్ కడ్డీకి బియ్యం తేవడానికి పోతుంది. ఉపయోగమే, కాదనను. కానీ దాన్ని 'విద్యా కానుక' అని వేదిక మీద మైకులో చెప్పకండి.

షీల్డు సంగతి ఇంకా చిన్నది. వేదిక మీద ఫోటో తీసుకునేదాకా దానికి విలువ. ఆనక అది బీరువా మీదికి ఎక్కుతుంది. సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు ఒకసారి దిగుతుంది. దాన్ని తెరిచి చదవలేం, విప్పి చూడలేం, పక్కింటి పిలకాయకు ఎరువుగా ఇయ్యలేం. పద్దెనిమిది వేలు పోసి మనం కొనేది ఒక ఫోటో.

రెండో సంగతి, ఎవరికి ఇస్తా ఉన్నాం? 500కి 450 దాటినవాళ్ళకు మాత్రమే. బాగా చదివేవాళ్ళను మెచ్చుకోవద్దని నేను చెప్పడం లేదు. చప్పట్లు కొట్టండి, పేరు చదవండి, అయ్యా అమ్మా ఇద్దర్నీ వేదిక మీదికి పిలవండి. కానీ ఆలోచించండి. 480 తెచ్చుకున్న అమ్మాయి ఇంట్లో ఇంతకుముందే పుస్తకాలు ఉన్నాయి, ట్యూషన్ ఉంది, చెప్పే మనిషి ఉన్నాడు. 210 తెచ్చుకున్న అబ్బాయి ఇంట్లో కేలెండరు తప్ప అచ్చు కాయితం ఉండదు. మనం ఏం చేస్తున్నాం? ఉన్నవాళ్ళ చేతికి ఇంకొకటి ఇచ్చి, లేనివాడిని కింద కుర్చీలో కూర్చోబెట్టి చప్పట్లు కొట్టమంటున్నాం. వాడు ఆ రోజు ఇంటికి ఏం నేర్చుకుని పోతాడు? సంఘం తన కోసం కాదు అని. ఆ పాఠం మనమే చెప్తున్నాం, చందా డబ్బు పెట్టి మరీ.

మన సంఘం ఇళ్ళల్లో బడికి పోయే పిలకాయలు నూటా అరవై మందికి పైగా లేరు. అదే 40,000ను 160తో భాగించండి. తలకు 250 రూపాయలు. షీల్డుకు పెట్టే దాంట్లో సగానికి కొంచెం ఎక్కువ. దాంతో ఏమొస్తుందో కింద చెప్తాను.

మూడో సంగతి. కమిటీలో పడుచువాళ్ళు కొందరు, "షీల్డు వద్దంటే సరే, ఆన్‌లైన్‌లో సైన్సు కిట్టులు వస్తాయి, అవి కొందాం" అంటున్నారు. డబ్బా మీద 'ఎడ్యుకేషనల్' అని రాస్తే అది చదువు అయిపోదు. ఎన్నో చూశాను. బ్యాటరీ వేస్తే బొమ్మ తిరుగుతుంది, దీపం వెలుగుతుంది, పిలకాయ చేతులు కట్టుకుని చూస్తుంది. బ్యాటరీ అయిపోయిన రోజే చదువు కూడా అయిపోతుంది. ఏ కానుకైనా కొనేముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. పని చేసేది వస్తువా, పిలకాయా? నూరోసారి తీసినా అందులో కొత్తది ఉంటుందా? ఇంకొకరితో కలిసి వాడేదా, ఒంటరిగా మూల కూర్చునేదా?

ఈ మూడింటికీ నిలిచేవి ఖరీదైనవి కావు. చదరంగం పలక ఒకటి. చెన్నైలో పుట్టి పెరిగిన తెలుగింటి అబ్బాయి గుకేశ్ 2024 డిసెంబరులో 18 ఏళ్ళకే ప్రపంచ చాంపియన్ అయ్యాడు. దాని కోసమని కాదు, ఆ పలకకు బ్యాటరీ అక్కర్లేదు, ఎదురుగా ఒక మనిషి కావాలి, అందుకు. భూతద్దం ఒకటి: చీమ కాలు, ఆకు ఈనె, పాత అణా మీద రాత, అన్నీ దాంట్లో చూడొచ్చు. కొలిచే టేపు ఒకటి: ఇల్లంతా కొలవమనండి, వైశాల్యం లెక్క దానంతటదే వస్తుంది. గోడకు తగిలించే రైల్వే మ్యాపు ఒకటి. రైల్వేలో గుమాస్తాగా ఉన్నవాణ్ణి కాబట్టి చెప్తున్నాను, అరక్కోణంలో ఎన్ని గంటలకు ఎక్కితే గూడూరుకు ఎన్ని గంటలకు చేరతాం, బండి వేగం ఎంత అని ఒక్క టైంటేబులు పెట్టుకుని ఆరో తరగతి లెక్కలన్నీ చెప్పొచ్చు. 1856లో రాయపురం నుంచి ఆర్కాటు పక్క దాకా వేసిన లైను, దక్షిణాదిలోనే మొదటిది, మన తిరువళ్ళూరు మీదుగానే పోయింది. మన వీధి చివర ఉండే చరిత్ర మన పిలకాయలకు తెలియదు, టాబ్లెట్ మాత్రం ఉంది.

ఇక అసలు సంగతికి వస్తాను. పుస్తకం.

తిరుత్తణి అంటే కొండ, కావడి, ఆ తరవాత సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు. 1888 సెప్టెంబరు 5న పుట్టిన తెలుగింటి బిడ్డ. నాన్నగారు జమీందారు దగ్గర రెవెన్యూలో చిన్న ఉద్యోగి. ఇంట్లో డబ్బు లేదు, స్కాలర్‌షిప్పుల మీద చదివారు. తిరుపతిలో మిషన్ బడి, వేలూరులో ఊర్హీస్ కాలేజీ, ఆనక మద్రాసు క్రిస్టియన్ కాలేజీ. అక్కడ ఏ సబ్జెక్టు తీసుకోవాల? అదే కాలేజీలో చదువు ముగించిన చుట్టం ఒకాయన తన పాత ఫిలాసఫీ పుస్తకాలు ఈయనకు ఇచ్చారు. కొత్తవి కొనే పని లేదు కాబట్టి ఫిలాసఫీ తీసుకున్నారు. ఆ మనిషి లోకానికే తత్వం చెప్పాడు, 1962లో రాష్ట్రపతి అయ్యాడు, ఆయన పుట్టిన రోజు దేశానికి టీచర్ల దినం అయింది. మన ఊరి గొప్పదనం గురించి ప్రతి సెప్టెంబరు 5న మాలలు వేసి ఉపన్యాసాలు ఇస్తాం కదా, ఆ గొప్పదనం వెనక ఉన్న కానుక ఏమిటి? ఇంకొకరు చదివి ఇచ్చిన పాత పుస్తకాలు. షీల్డు కాదు.

కుంభకోణం రామానుజన్ సంగతీ అంతే. 1903లో, పదిహేనో పదహారో ఏట, కార్ అనే ఇంగ్లీషాయన రాసిన గణితం పుస్తకం ఎవరో ఎరువు తెచ్చి ఇచ్చారు. వేల సూత్రాలు, వాటికి రుజువులు దాదాపు లేవు. రుజువులు తనే కనుక్కుంటూ పోయాడు. ఆనక మద్రాసు పోర్టు ట్రస్టులో గుమాస్తాగా చేరాడు. ఎరువు పుస్తకం ఒకటి ఏం చేయగలదో లోకమంతా చూసింది.

"అందరూ రాధాకృష్ణన్ అవుతారా అన్నా?" అని అడుగుతారు. అవరు. కానీ ఏ పిలకాయకు ఏ పుస్తకం తగులుతుందో మనకు తెలియదు కాబట్టే అందరికీ ఇయ్యాల.

ఏ భాషలో ఇయ్యాల అంటే, తెలుగులో. ఇక్కడే ఎక్కువమందికి కోపం వస్తుంది, అందుకే విడమరిచి చెప్తాను. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది, బదులుగా సత్యవేడు పక్క ఊళ్ళు అటు పోయాయి. మన ఇళ్ళు కదల్లేదు, ఎల్ల కదిలింది. మా తరం తమిళ మీడియంలో చదివింది. నేనూ అంతే. తమిళం నాకు అన్నం పెట్టిన భాష, దాని మీద నాకు ఏ పగా లేదు. 2006 చట్టంతో తమిళం ఒకటో తరగతి నుంచి ఏటా ఒక మెట్టు ఎక్కుతూ 2015-16కు పదో తరగతి దాకా తప్పనిసరి అయింది. ఈ రాష్ట్రంలో బతికే పిలకాయ తమిళం నేర్వాల్సిందే. కానీ తెలుగు నేర్పేది బడి కాదని ఆ రోజే తేలిపోయింది. ఇక మిగిలింది ఇల్లు, సంఘం. ఇంట్లో టీవీ నేర్పే తెలుగు ఉంది, అది చెవికే, కంటికి కాదు. సంఘం ఏం చేస్తా ఉంది? షీల్డు మీద సంఘం పేరు తెలుగులో చెక్కిస్తా ఉంది, అందుకున్న పిలకాయ దాన్ని చదవలేదు.

"చదవడం రానివాళ్ళకు తెలుగు పుస్తకం ఎందుకు, డబ్బు దండగ" అని కోశాధికారి తమ్ముడు పోయిన మీటింగులో అన్నాడు. తమ్ముడూ, నడక రాని బిడ్డకు చెప్పులు ఎందుకు అన్నట్టుంది నీ మాట. నేను తెలుగు అక్షరాలు నేర్చుకున్నది ఉద్యోగంలో చేరినాక, రేణిగుంట లైనులో స్టేషన్ బోర్డులు చూసి. తిరుత్తణి, పొన్పాడి దాటి ఆంధ్రా ఎల్లలోకి పోతూనే వెంకటనరసింహరాజువారిపేట వస్తుంది. దేశంలోకెల్లా పొడుగు పేరున్న స్టేషన్ అని చెప్పుకునేవాళ్ళం, ఆనక 2019లో చెన్నై సెంట్రల్‌కు ఎం.జి.ఆర్. పేరు పెట్టి దాన్ని మించేశారు. ఆ ఒక్క బోర్డులో తొమ్మిది హల్లులు, సున్నా, తలకట్టు కాక అయిదు గుణింతపు గుర్తులు ఉన్నాయి. ఒక బోర్డే ఇంత నేర్పితే, బొమ్మల పుస్తకం ఎంత నేర్పుతుంది? మాట ముందే వచ్చిన పిలకాయకు అక్షరం నేర్వడం ఒక ఎండాకాలం సెలవుల పని. మాట కూడా పోయినాక అది పరాయి భాష నేర్వడం అవుతుంది. ఆ రెంటికీ నడుమ మనకు మిగిలింది ఈ ఒక్క తరమే.

పుస్తకాలు లేవా అంటే, ఉన్నాయి. 1957లో మొదలైన నేషనల్ బుక్ ట్రస్టు పిల్లల పుస్తకాలు తెలుగులో తక్కువ ధరకు ఇస్తుంది. సికింద్రాబాదులో మంచి పుస్తకం వాళ్ళు పిల్లల కోసమే వేస్తారు. చెన్నైలో ఉండే తూలిక వాళ్ళవి ఒకే పేజీలో తెలుగు, ఇంగ్లీషు రెండూ ఉంటాయి, ఇంగ్లీషు మీడియం పిలకాయకు చేతికర్ర లాంటివి. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఊరికే చదవొచ్చు, అచ్చు తీసుకోవచ్చు. ఒకే కథను రెండు భాషల్లో చదివే అలవాటు మనకు కొత్త కాదు. 1947 జులైలో మద్రాసులో చందమామ, అంబులిమామ కవల పిల్లల్లాగా పుట్టాయి కదా, మన ఇళ్ళల్లో రెండూ వచ్చేవి. 250 రూపాయల్లో చిన్న పుస్తకాలు మూడు, భూతద్దమో టేపో ఒకటి వస్తుంది. పెద్ద తరగతుల వాళ్ళకు తెలుగు పుస్తకం ఒకటి, చదరంగం పలక ఒకటి.

మిగిలిన అభ్యంతరాలకు జవాబు తొందరగా చెప్పేస్తాను.

దాతల పేరు కనపడాల కదా అంటారు. పుస్తకం లోపలి అట్ట మీద చీటీ అంటించండి. బాటిలు మీద పేరు ఆరు నెలలకు చెరిగిపోతుంది, పుస్తకంలో పేరు మనవళ్ళు కూడా చదువుతారు.

నీట్ గైడు ఇస్తే ఉపయోగం కదా అంటారు. గైడు కావాల్సినవాళ్ళు ఎలాగూ కొంటారు. కొనలేనివాళ్ళ కోసం నిరుడు రాసినవాళ్ళ గైడులు ఏరి సంఘం గదిలో పెడదాం, ఎరువు తీసుకుపోయి తిరిగి ఇస్తారు. రాధాకృష్ణన్ గారికి చుట్టం చేసింది అదే.

వేదిక మీద షీల్డు ఉంటే అందం అంటారు. మన సర్కారు బళ్ళకు ఊరివాళ్ళు మేళతాళాలతో, తాంబాలాల్లో పెట్టి 'కల్విచ్చీరు' తీసుకుపోవడం మీరు చూసే ఉంటారు. మేనమామ సీరు తెచ్చినట్టు పుస్తకాలు తాంబాలంలో పెట్టి, పసుపు కుంకుమతో, నాదస్వరంతో తెద్దాం. అంతకంటే అందం ఏముంది?

పుస్తకం ఇస్తే చదువుతారని నమ్మకం ఏమిటి అంటారు. నమ్మకం లేదు. అందుకే పుస్తకంతో పాటు మనిషి కూడా కావాల. ఆదివారం పొద్దున ఒక గంట, సంఘం గదిలో, తెలుగు చదవడం వచ్చిన పెద్దవాళ్ళు ఇద్దరు కూర్చుంటే చాలు. రిటైరైనవాళ్ళం ఇంతమందిమి ఉన్నాం, సీరియల్ ఆదివారం రాదు. మొదటి పేరు నాది రాసుకోండి.

జనరల్ బాడీలో నేను పెట్టబోయే తీర్మానం ఇది. ఒకటి, ఈ ఏడు షీల్డులు, బ్యాగులు, బాటిళ్ళు ఆర్డరు ఇయ్యవద్దు. రెండు, మార్కులతో పని లేకుండా ఒకటి నుంచి పన్నెండు దాకా మన పిలకాయలందరికీ తలకు 250 రూపాయలకు తెలుగు పుస్తకాలు, చేతితో పని చేసే వస్తువు ఒకటి. మంచి మార్కులు తెచ్చినవాళ్ళ పేర్లు చదివి, అందరికంటే ముందు వేదిక మీదికి పిలుద్దాం. మూడు, ఎరువు పుస్తకాల బీరువా, ఆదివారం గంట. నాలుగు, ఇవన్నీ సెప్టెంబరు 5న, తిరుత్తణిలో.

పది మంది పిలకాయల వంతు, 2,500 రూపాయలు, నా పెన్షన్ నుంచి ఇస్తాను. చీటీ మీద నా పేరు వద్దు, ఆ పిలకాయ పేరు తెలుగులో రాసి అంటించండి. మొదట వాడు చదవాల్సింది అదే. ఒప్పినవాళ్ళు మీటింగుకు రండి, ఒప్పనివాళ్ళు తప్పకుండా రండి.