అతిథి వక్త కుర్చీ

మా పట్టణంలోని ఒక సేవా క్లబ్బు వారు గత సంవత్సరం నన్ను తమ వారాంతపు సమావేశానికి అతిథి వక్తగా ఆహ్వానించారు. 30 సంవత్సరాలు బడిలో పాఠాలు చెప్పినవాడినే అయినా ఆ ఆహ్వానం అందుకున్నప్పుడు కొంత సంకోచించాను. అంతకు రెండు నెలల ముందు ఆ క్లబ్బు మా మొహల్లాకు ఆనుకుని ఉన్న కల్యాణ మండపంలో ఉచిత కంటి వైద్య శిబిరం నిర్వహించింది. మా వీధి నుండి ఒక్కరూ వెళ్ళలేదు. "మీవాళ్ళు ఎందుకు రాలేదు మాస్టారూ? మా వల్ల ఏం పొరపాటు జరిగింది?" అని క్లబ్బు కార్యదర్శి బజారులోనే నన్ను అడిగారు. అది నిలబడి చెప్పగల జవాబు కాదన్నాను. "అయితే మా సమావేశానికి వచ్చి కూర్చుని చెప్పండి" అన్నారాయన.

రోటరీ, లయన్స్ వంటి పేర్లను మనం ఊరి పొలిమేర బోర్డుల మీద, బస్టాండు చలివేంద్రాల మీద చూస్తూనే ఉంటాం. లోపల ఏం జరుగుతుందో మాత్రం మన ఇళ్ళలో తెలిసింది తక్కువ. సంపన్నులు భోజనాలు చేసి ఫొటోలు దిగే చోటు అనే అభిప్రాయమే ఎక్కువ. నా అభిప్రాయమూ చాలాకాలం అదే. అందులో కొంత నిజమూ లేకపోలేదు.

రోటరీ 1905 ఫిబ్రవరి 23న అమెరికాలోని షికాగో నగరంలో పుట్టింది. పాల్ హ్యారిస్ అనే న్యాయవాది మరో ముగ్గురిని కలుపుకున్నాడు. వారిలో ఒకరు బొగ్గు వర్తకుడు, ఒకరు గనుల ఇంజినీరు, ఒకరు దర్జీ. ఒకసారి ఒకరి కార్యాలయంలో, మరోసారి మరొకరి కార్యాలయంలో వంతులవారీగా సమావేశమైనందున ఆ పేరు వచ్చింది. ఆ క్లబ్బు తొలినాళ్ళలో చేపట్టిన ప్రజాహిత కార్యం నగర కార్యాలయం సమీపంలో ప్రజలకు మరుగుదొడ్లు కట్టించడం. పేరు ప్రతిష్ఠలు తెచ్చే పని కాదది, అవసరమైన పని. మన దేశంలో మొదటి క్లబ్బు 1920లో కలకత్తాలో గుర్తింపు పొందింది. స్త్రీలకు సభ్యత్వం మాత్రం చాలా ఆలస్యంగా, అదీ అమెరికా సుప్రీంకోర్టు 1987లో తీర్పు ఇచ్చిన తరువాత, 1989లో లభించింది. సేవ చేసేవారికి సైతం తమ గడప లోపలి అన్యాయం కనబడడానికి ఎనభై ఏళ్ళు పట్టిందన్నమాట.

నేను వెళ్ళిన సాయంత్రం అధ్యక్షులు చిన్న ఇత్తడి గంట మోగించి సభను ప్రారంభించారు. గత సమావేశపు విశేషాలు చదివారు. పుట్టినరోజు జరుపుకుంటున్న సభ్యులకు శుభాకాంక్షలు చెప్పారు. జమా ఖర్చులు వినిపించారు. ఆలస్యంగా వచ్చిన ఒక పెద్దమనిషి నవ్వుతూ జరిమానా డబ్బాలో నోటు వేశారు. వక్తకు 20 నిమిషాలు. నా వంతు రావడానికి ముందు కార్యదర్శి పక్కన కూర్చుని వారి రిజిస్టరు తిరగవేశాను. ఆ ఏడాది మాట్లాడినవారిలో గుండె వైద్యులున్నారు, బ్యాంకు మేనేజరున్నారు, ఆడిటరున్నారు, పోలీసు అధికారి ఉన్నారు. శిబిరాలు ఏ వీధుల కోసం పెట్టారో ఆ వీధుల నుండి వచ్చినవారు ఒక్కరూ లేరు. నా ప్రసంగాన్ని అక్కడి నుండే మొదలుపెట్టాను.

శిబిరం శుక్రవారం ఉదయం 10 నుండి మధ్యాహ్నం 2 గంటల వరకు జరిగింది. అది జుమా వేళ. స్త్రీలను పరీక్షించడానికి లేడీ డాక్టరు గాని, తెర కట్టిన చోటు గాని లేదు. కరపత్రంలో 'ఆధార్ నకలు తప్పక తీసుకురావాలి' అని ఉంది; ఎందుకో లేదు. ఆ ఒక్క వాక్యం మా వీధిలో ఎన్ని అనుమానాలను లేపిందో వారికి తెలియదు. మా పక్కింటి ఖాలా సంగతి చెప్పాను. రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరి, చేతిలోని నోటు వందో ఐదువందలో తడిమి తెలుసుకునే స్థితి ఆమెది. శిబిరం జరిగిన మండపం ఆమె వాకిలి నుండి వంద అడుగుల దూరం. అయినా ఆమె వెళ్ళలేదు.

ఒక సభ్యులు లేచి సూటిగానే అడిగారు: "ఖర్చు మాది, శ్రమ మాది. వేళ కూడా మేమే మార్చుకోవాలా?" ఆ ప్రశ్న నాకు నచ్చింది. మనసులో ఉంచుకుని ఊరుకోవడం కన్నా అడగడమే మేలు. జవాబుగా రోటరీ సంస్థ చరిత్రలోని ఒక అధ్యాయాన్నే వారికి గుర్తుచేశాను.

రోటరీ 1985లో పోలియో ప్లస్ కార్యక్రమాన్ని చేపట్టింది. 1988లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ తదితర సంస్థలతో కలిసి పోలియో నిర్మూలన ఉద్యమంలో భాగస్వామి అయింది. మన దేశంలో 1995లో పల్స్ పోలియో మొదలైంది. అయినా 2002లో దాదాపు 1600 మంది పిల్లలు పోలియో బారిన పడ్డారు. వారిలో అత్యధికులు ఉత్తరప్రదేశ్ పిల్లలు. ముస్లిం కుటుంబాల పిల్లలు తమ జనాభా నిష్పత్తిని మించి ఉన్నారు. చుక్కలు వేసుకుంటే పిల్లలకు సంతానం కలగదన్న వదంతి మొరాదాబాద్ వంటి చోట్ల వేళ్ళూనుకుంది. తలుపులు మూసుకున్నారు. పిల్లలను దాచారు.

దీన్ని అజ్ఞానం అని కొట్టివేయడం సులభం. కాని ఆ తల్లుల ప్రశ్నను వినండి. 'మా వీధిలో మురుగు కాలువ లేదు, తాగే నీరు లేదు, జ్వరం వస్తే చూసే డాక్టరు లేడు. ఏమీ ఇవ్వనివారు ఈ రెండు చుక్కల కోసం మాత్రం ఇన్నిసార్లు మా తలుపు ఎందుకు తడుతున్నారు?' వదంతి తప్పే గాని, ప్రశ్న తప్పు కాదు. పైగా ఆ మురుగే వ్యాధి వ్యాపించడానికి కారణం. అక్కడ అనేక డోసులు వేసినా కొందరు పిల్లలకు రక్షణ కుదరకపోవడానికి ఆ అపరిశుభ్రత, దానివల్ల వచ్చే విరేచనాలు కూడా దోహదం చేశాయి.

అప్పుడు పని తీరు మారింది. రోటరీ వారు ఉత్తరప్రదేశ్‌లో ఉలమాలతో కమిటీ ఏర్పరచి వారితో కలిసి కూర్చున్నారు. జామియా మిల్లియా, అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం, జామియా హమ్‌దర్ద్ వంటి సంస్థలు యూనిసెఫ్‌తో చేతులు కలిపాయి. మస్జిద్‌ల నుండి ప్రకటనలు వెలువడ్డాయి. చుక్కలతో పాటు మామూలు జబ్బులకు మందులిచ్చే శిబిరాలూ పెట్టారు. ఆ వీధి స్త్రీలే ఇంటింటికీ వెళ్ళి మాట్లాడారు. 2009లో 741గా ఉన్న కేసులు 2010లో 42కు దిగాయి. సహజ పోలియో వైరస్ వల్ల చివరి కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో ఒక చిన్నారికి వచ్చింది. ఆ తరువాత అలాంటిది మరొకటి లేదు. 2014 మార్చి 27న మన ప్రాంతం పోలియో రహితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. ఇంతటి విజయానికి మందు ఒక్కటే సరిపోలేదు. తలుపు వెనుక ఉన్నవారు చెప్పింది వినవలసి వచ్చింది.

సభలో కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత ఒక వృద్ధ వైద్యులు "తదుపరి శిబిరం తేదీ మీరే చెప్పండి మాస్టారూ" అన్నారు.

రెండో శిబిరం ఆదివారం, మా మదరసా వరండాలో జరిగింది. ముందటి జుమా నమాజు తరువాత ఇమాం సాహెబ్ ప్రకటించారు. ఆధార్ నకలు ఆసుపత్రిలో పేరు నమోదుకేనని వివరించారు. లేడీ డాక్టరు వచ్చారు. వరండా సగానికి చీరలు కట్టి తెర చేశాం. బీపీ, షుగరు పరీక్షలు చేసి, శస్త్రచికిత్స అవసరమైనవారిని బస్సులో ఆసుపత్రికి తీసుకువెళ్ళి మర్నాడు తిరిగి తెచ్చి దింపారు. ఖాలా ఆ బస్సులోనే వెళ్ళింది. కట్టు విప్పిన తరువాత ఆమె మొదట చూసింది తన వంటగది గోడను. "ఇంత మసి పట్టిందా, ఒక్కరూ చెప్పలేదేం బేటా!" అని నన్నే కోప్పడింది.

అన్నీ సవ్యంగా సాగాయని చెప్పను. నెల తరువాతి పరీక్షకు బస్సు రాలేదు. విచారిస్తే తెలిసింది, ఈ క్లబ్బుల్లో అధ్యక్ష పదవి ఏడాదికే. జూలై 1న కొత్తవారు వస్తారు. పాతవారి ఫైలు కొత్తవారి చేతికి ఇంకా అందలేదు. ఏటా నాయకుణ్ణి మార్చడంలో ఒక మంచి ఉంది, ఎవరూ కుర్చీకి అతుక్కుపోరు. సగంలో ఉన్న పని మాత్రం నష్టపోతుంది. నేను వెళ్ళి గుర్తుచేస్తే వారం తిరగకుండా బస్సు వచ్చింది.

ఈ వ్యవహారమంతటిలో నన్ను ఇబ్బంది పెట్టిన సంగతి మరొకటుంది. కృతజ్ఞతలు చెప్పడానికి వెళ్ళినప్పుడు కార్యదర్శి మాటవరసకు అడిగారు: "మీ మస్జిద్ కమిటీ కూడా నెలనెలా సమావేశమవుతుంది కదా. బయటివారిని ఎవరినైనా పిలుస్తారా?" మా రిజిస్టరు నాకు తెలుసు. అందులో కరెంటు బిల్లు ఉంది, వజూఖానా మరమ్మతు ఉంది, చందాల జాబితా ఉంది. అతిథి వక్త పేరు ఒక్కటీ లేదు. మా వీధిలోని స్త్రీలకు ఏం కావాలో మేమూ వారిని అడిగిన సందర్భం లేదు. ఖాలాకు చూపు తగ్గిందని మా కమిటీలో అందరికీ తెలుసు. ఎజెండాలోకి ఆ విషయం ఎన్నడూ రాలేదు.

వచ్చే నెల సమావేశానికి ఆ కార్యదర్శిని ఆహ్వానించాలని ప్రతిపాదించాను. ఇద్దరు సమ్మతించారు, ఒకరు 'చూద్దాం' అన్నారు, మిగిలినవారు ఇషా వేళ అవుతోందని లేచారు. ప్రతిపాదన రిజిస్టరులో నమోదైంది. ఆదివారం మళ్ళీ కూర్చుంటున్నాం.