నిలబడినవేవో చూపిస్తే చాలు

స్క్రీన్ మీద "8" అని పడింది. అంటే పదిలో రెండు మిగిలాయి. ఏ రెండు? దీనికి జవాబు లేకపోతే ఆ 8 వల్ల ఆడేవాడికి పైసా ఉపయోగం లేదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇంతే. కాకపోతే ఇది ఒక్క ఆటతో ఆగే విషయం కాదు. రేపు మనం రాయబోయే ప్రతి సాఫ్ట్‌వేర్‌కీ వర్తిస్తుంది కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

బౌలింగ్ అనగానే బుమ్రా గుర్తొచ్చే దేశం మనది. నేను మాట్లాడేది ఆ బౌలింగ్ గురించి కాదు. మాల్స్‌లో అద్దె బూట్లు వేసుకుని, మూడు రంధ్రాలున్న బరువైన బంతిని దొర్లించి, దూరంగా పేర్చిన పిన్నుల్ని పడగొట్టే టెన్ పిన్ బౌలింగ్ గురించి. అందులో నాకు అన్నిటికన్నా నచ్చినది బంతీ కాదు, పిన్నులూ కాదు. పిన్నుల పైన బోర్డు మీద ఒకప్పుడు వెలిగే పది బల్బులు.

ముందు ఆ బల్బుల అవసరం ఎందుకొచ్చిందో చూద్దాం. ఆడేవాడు నిలబడే గీత నుంచి మొదటి పిన్నుకి 60 అడుగుల దూరం. పిన్ను ఎత్తు 15 అంగుళాలు. పక్కపక్క పిన్నుల మధ్య దూరం 12 అంగుళాలు. ముందు ఒకటి, దాని వెనక రెండు, తర్వాత మూడు, చివర నాలుగు. ముందు నుంచి వరసగా 1 నుంచి 10 వరకు నంబర్లు. ఈ పేర్పులోనే ఒక తిరకాసు ఉంది. 1 వెనక సరిగ్గా 5 దాక్కుంటుంది. 2 వెనక 8, 3 వెనక 9. అంత దూరం నుంచి చూస్తే ముందుది మాత్రమే కనిపిస్తుంది, వెనకది కనిపించీ కనిపించనట్టు ఉంటుంది. ఆ ఆట ఆడేవాళ్ళు ఇలా దాక్కున్న పిన్నుని "స్లీపర్" అంటారు. ఒక్క పిన్నే ఉందనుకుని పక్కకి తగిలేలా వేస్తే వెనకది అలాగే నిలబడి మనల్ని చూసి నవ్వుతుంది. ఒక్కో ఫ్రేమ్‌లో ఉండేది రెండే అవకాశాలు. మొదటి బంతి తర్వాత ఏం మిగిలిందో కచ్చితంగా తెలియకపోతే రెండో బంతి గుడ్డిగా వేసినట్టే.

పాత రోజుల్లో ఈ పని మనుషులు చేసేవాళ్ళు. అమెరికాలో పిన్ బాయ్స్ అని, లేన్ చివర గోతిలో కూర్చుని పడిన పిన్నులు ఏరి మళ్ళీ నిలబెట్టే కుర్రాళ్ళు. లూయిస్ హైన్ అనే ఫొటోగ్రాఫర్ 1910లో బ్రూక్లిన్‌లో రాత్రి ఒంటిగంటకి పని చేస్తున్న పిన్ బాయ్స్‌ని ఫొటో తీశాడు. అందులో ఉన్నవాళ్ళు మన తమ్ముళ్ళ వయసు పిల్లలు. కాబట్టి "మెషీన్ వచ్చి మనిషి పని పోయింది" అనే పాట ఇక్కడ నేను పాడను. ఆ పని పోవడమే మంచిదైంది.

గాట్‌ఫ్రీడ్ ష్మిట్ అనే ఆయన 1930ల్లో పిన్నులు పేర్చే యంత్రం కనిపెట్టాడు. ఏఎమ్ఎఫ్ కంపెనీ దాన్ని 1946లో బఫెలో నగరంలో జరిగిన పోటీల దగ్గర ప్రదర్శించింది. 1950ల్లో అది వ్యాపారంగా మారి అమెరికా అంతా పాకింది. బ్రన్స్‌విక్ కంపెనీ కూడా పోటీగా తన యంత్రం తెచ్చింది. ఆ యంత్రాలతో పాటే నిలబడ్డ పిన్నుల్ని చూపే లైట్ల బోర్డు కూడా వచ్చింది. ఏఎమ్ఎఫ్ వాళ్ళు దానికి పెట్టిన పేరు "పిండికేటర్". మనకి పిండిమర గుర్తొస్తే అది వాళ్ళ తప్పు కాదు. పిన్ను, ఇండికేటర్ రెండూ కలిపారంతే.

ఇది పని చేసే తీరు చూస్తే ఇంజనీరింగ్ చదివే ఎవరికైనా ముచ్చటేస్తుంది. మొదటి బంతి పడ్డాక యంత్రం కిందికి దిగి, నిలబడ్డ పిన్నుల్ని మెడ దగ్గర పట్టుకుని పైకి ఎత్తుతుంది. అడ్డంగా ఒక కమ్మీ వచ్చి పడిపోయినవాటిని వెనక్కి ఊడ్చేస్తుంది. ఆ తర్వాత ఎత్తినవాటిని ఎక్కడివక్కడ దించుతుంది. అన్నీ పడిపోయి ఉంటే మళ్ళీ కొత్తగా పది పేర్చాలి. అంటే ఏ స్థానంలో పిన్ను ఉంది, ఎక్కడ లేదు అన్నది యంత్రానికి తన పని కోసమే తెలియాలి. బోర్డు చేసిందల్లా తెలిసిన ఆ సంగతిని దాచుకోకుండా బయట పెట్టడం. పిన్ను తల తగిలితే స్విచ్ మూసుకుంటుంది, కరెంటు పారుతుంది, బోర్డు మీద ఆ స్థానంలో బల్బు వెలుగుతుంది. పది పిన్నులు, పది స్విచ్‌లు, పది బల్బులు.

మన భాషలో చెప్పాలంటే పది బిట్లు. 2 పవర్ 10, మొత్తం 1024 స్థితులు. వాటిలో ఏ స్థితి అయినా ఒక్క చూపులో అర్థమైపోతుంది. ఎందుకంటే బల్బుల అమరిక కూడా పిన్నుల అమరికే. కింద ఒకటి, పైన నాలుగు. గుర్తుల పట్టిక అక్కర్లేదు, "హెల్ప్" బటన్ అక్కర్లేదు, చదువు కూడా అక్కర్లేదు. పొద్దున్నే మొదటిసారి వచ్చిన పిల్లాడికైనా అర్థమవుతుంది. మూడో సెమిస్టర్‌లో యూజర్ ఇంటర్‌ఫేస్ గురించి మేము చదివిన పాఠాలన్నిటికన్నా ఈ బోర్డే నాకు ఎక్కువ నేర్పింది.

ఇప్పుడు మళ్ళీ 8 దగ్గరికి వద్దాం. పదిలో రెండు మిగిలే విధాలు 45. ఇంటర్‌లో చేసిన కాంబినేషన్సే, పది సి రెండు. ఆ 45లో 2, 8 మిగిలితే ఒకదాని వెనక ఒకటి ఉంటాయి, నేరుగా వేస్తే రెండూ పోవచ్చు. అదే 7, 10 మిగిలితే రెండూ చివరి వరసలో చెరో మూల. ఇది ఎంత కష్టమంటే, అమెరికా ప్రొఫెషనల్ బౌలర్ల టీవీ మ్యాచ్‌లలో దీన్ని మొదటిసారి పడగొట్టినవాడు మార్క్ రాత్, 1980లో. 1991లో ఇద్దరు చేశారు. ఆ తర్వాత 2021లో ఆంథనీ న్యూయర్ అనే 18 ఏళ్ళ కుర్రాడు చేసేదాకా ముప్ఫై ఏళ్ళు ఎవరివల్లా కాలేదు. ఆ రెండు పరిస్థితుల్లోనూ స్కోరు ఒక్కటే, 8. ఆరు పడి నాలుగు మిగిలాయంటే ఆ "6" వెనక 210 పరిస్థితులు ఉంటాయి. కూడిక చేసిన ప్రతిసారీ మనం ఎంత సమాచారం పారేస్తున్నామో చూడండి.

ఇక్కడ నాకు బాగా నచ్చిన సంగతి ఇంకొకటి ఉంది. ఆ రోజుల్లో బోర్డు స్కోరు లెక్కపెట్టేది కాదు. నిలబడినవేవో చూపించి ఊరుకునేది. ఆటగాళ్ళే పెన్సిల్‌తో కాగితం మీద స్కోరు వేసుకునేవాళ్ళు. యంత్రం సాక్ష్యం ఇచ్చేది, తీర్పు మనిషి ఇచ్చేవాడు. ఈ తేడా చిన్నది కాదు. బౌలింగ్ నిబంధనల ప్రకారం పిన్ను పడితే సరిపోదు, ఎలా పడిందన్నది కూడా లెక్కే. వెనక ఉన్న మెత్త నుంచి బంతి తిరిగొచ్చి పడగొడితే లెక్క లేదు. పేర్చే యంత్రమే తగిలి పడిపోతే లెక్క లేదు. ఒరిగిపోయి పక్క గోడకి ఆనుకుంటే పడినట్టే లెక్క. స్విచ్‌కి ఇవేవీ తెలియవు. దానికి తెలిసింది ఒక్కటే, ఇక్కడ పిన్ను ఉందా లేదా. తనకి తెలిసిన ముక్క మాత్రమే చెప్పి మిగతాది మనిషికి వదిలేసింది కాబట్టి ఆ బోర్డు ఎప్పుడూ అతి చేయలేదు.

అలా అని దాన్ని దేవుణ్ణి చేయను. దాంట్లో ఒక పెద్ద లోపం ఉంది, మన కోడ్‌లో కూడా రోజూ దొర్లేదే. బల్బు మాడిపోయిందనుకోండి. నిలబడ్డ పిన్ను కూడా పడినట్టే కనిపిస్తుంది. "పిన్ను లేదు" అన్న వార్తకీ, "వార్తే రాలేదు" అన్న దానికీ అక్కడ తేడా లేదు, రెండూ చీకటే. డేటాబేస్ క్లాసులో నల్, సున్నా ఒకటి కాదని మేడం పదిసార్లు చెప్తే బోర్ అనుకుంటాం కదా, అది ఇదే.

ఇదంతా ఆట కబుర్లనుకుంటే ఒక నిజమైన సంగతి చెప్తాను. నా ఇంటర్ స్నేహితుడు ఒకడు వేరే కాలేజీలో చదువుతున్నాడు. వాళ్ళ అటెండెన్స్ యాప్ తెరిస్తే ఒకే ఒక అంకె కనిపిస్తుంది. పోయిన సెమిస్టర్ చివర్లో వాడికి 73.8 శాతం చూపించింది. 75 ఉండాలి. ఏ రోజు, ఏ క్లాసు పోయిందో చూపించే చోటే లేదు. చివరికి వాడు డిపార్ట్‌మెంట్ చుట్టూ నాలుగు రోజులు తిరిగి రిజిస్టర్లు తీయిస్తే తేలిందేమిటంటే, ఒక ల్యాబ్‌కి రెండు వారాల హాజరు అసలు ఎక్కించనేలేదు. ఎక్కించనిదాన్ని యాప్ ఆబ్సెంట్ కింద లెక్కేసింది. మాడిపోయిన బల్బుని పడిపోయిన పిన్ను అనుకోవడం అంటే ఇదే. ఆ నాలుగు రోజులూ వాళ్ళ నాన్నగారు ఫీజు మళ్ళీ కట్టాలేమోనని రాత్రిళ్ళు నిద్రపోలేదు. దశాంశ స్థానం దాకా కచ్చితంగా కనిపించిన ఆ 73.8 చూసి ఇంట్లో ఒక్కరికి కూడా అది తప్పేమో అన్న అనుమానం రాలేదు. "కంప్యూటర్ చూపించింది కదరా" అన్నారట.

ఆ యాప్ రాసింది ఎవరో గ్రహాంతరవాసులు కాదు. మనలాగే బీటెక్ చదివి, మనలాగే డెడ్‌లైన్ ముందు రాత్రి కూర్చుని రాసినవాళ్ళే. క్లాసుల వారీగా గళ్ళు పెట్టి, వచ్చినదానికి ఒక రంగు, రానిదానికి ఒక రంగు, ఎక్కించనిదానికి మూడో రంగు వేసి ఉంటే వాడు ఫోన్‌లో చూసుకుని ఐదు నిమిషాల్లో అడిగేవాడు. ఆ గళ్ళ వివరాలు డేటాబేస్‌లో లేకుండా శాతం ఎక్కడి నుంచి వస్తుంది? పిన్ను పేర్చే యంత్రానికి తెలిసినట్టే సర్వర్‌కీ అన్నీ తెలుసు. యంత్రం బయటపెట్టింది, సర్వర్ దాచుకుంది.

మీలో కొందరు "ఇప్పుడు కెమెరాలు వచ్చాయి కదా, బల్బుల గోల ఎందుకు" అంటారు. నిజమే. చాలాచోట్ల ఇప్పుడు కెమెరా పిన్నుల్ని చూస్తుంది, కంప్యూటర్ స్కోరు వేస్తుంది. స్ట్రైక్ పడితే స్క్రీన్ మీద బొమ్మలు గంతులేస్తాయి. పిల్లలు సరదా పడతారు, వద్దనడం లేదు. కానీ ఆ స్కోరింగ్ మెషీన్లలో కూడా స్కోరు దిద్దుకునే సదుపాయం ఉంచారు. ఎందుకంటే కెమెరా కూడా పొరబడుతుందని చేసినవాళ్ళకి తెలుసు. దిద్దాలంటే ముందు తప్పు జరిగిందని కనిపించాలి. అది కనిపించేది అంకెలో కాదు, పది చుక్కల బొమ్మలోనే.

ఈ మధ్య తాళ్ళు కట్టిన పిన్నులు కూడా వచ్చాయి. పిన్ను తలకి తాడు ఉంటుంది, పడినవాటిని తాడుతో లాగి మళ్ళీ నిలబెడతారు. ఖర్చు తక్కువ, రిపేర్లు తక్కువ. కానీ తాడు వల్ల పిన్ను ఎగిరే తీరే మారిపోయింది. అమెరికా బౌలింగ్ సంఘం 2023లో దీన్ని గుర్తించినప్పుడు మామూలు బౌలింగ్‌లో కలిపేయకుండా వేరే విభాగంగా పెట్టింది. ఆ పద్ధతి నాకు నచ్చింది. కొలిచే విధానం, పేర్చే విధానం మారితే పాత అంకెల్నీ కొత్త అంకెల్నీ ఒకే గాట కట్టకూడదని వాళ్ళు ఒప్పుకున్నారు.

"అన్నీ చూపిస్తే యూజర్ తికమక పడతాడు" అనే వాదన కూడా ఉంది. అన్నీ చూపించమని నేనూ అనడం లేదు. పిండికేటర్ మోటారు వేడి చూపించలేదు, బెల్టు వేగం చూపించలేదు. తర్వాతి బంతి ఎటు వేయాలో తేల్చుకోవడానికి ఏం కావాలో అది చూపించింది. యూజర్ తర్వాతి అడుగుకి పనికొచ్చేది చూపించాలి, అంతే. శాతం ఒక్కటే చూపిస్తే మనిషికి భయం పుడుతుంది. గళ్ళు చూపిస్తే ఏం చేయాలో తెలుస్తుంది.

వచ్చే నెల మన మినీ ప్రాజెక్టుల రివ్యూలు ఉన్నాయి. డ్యాష్‌బోర్డ్ లేని ప్రాజెక్టు ఒక్కటి కూడా ఉండదని నాకు తెలుసు. మధ్యలో ఒక గుండ్రటి మీటరు, దాంట్లో ఒక పెద్ద అంకె. చూడ్డానికి బాగుంటుంది, మార్కులు కూడా పడతాయి. రివ్యూలో కూర్చునే జూనియర్లకి, సీనియర్లకి, వీలైతే సార్లకి కూడా నాది ఒక్కటే మనవి. ఆ అంకె చూడగానే చెయ్యెత్తి మూడు ప్రశ్నలు అడగండి. ఈ అంకె వెనక నిలబడినవేవి, పడినవేవి? సమాచారం రాకపోతే మీ స్క్రీన్ ఏం చూపిస్తుంది? తప్పు అనిపిస్తే మనిషి ఎక్కడ దిద్దాలి? నా ప్రాజెక్టు రివ్యూ కూడా ఆ వారంలోనే ఉంది. నన్నూ వదలకండి.