కన్సోల్‌లో అంతా పచ్చగానే ఉంది

ఒకే డిస్క్ ఇమేజ్ నుంచి నలభై విండోస్ సర్వర్లను లేపండి. ఆ ఇమేజ్‌లో నిఘా ఏజెంట్ అప్పటికే నమోదై ఉంటే, కన్సోల్‌లో ఒక్క పేరే కనబడి, అదీ పచ్చగా వెలుగుతుండవచ్చు. దీన్ని లైసెన్సుల లెక్కగా చూసి వదిలేస్తారు. నా బాధ వేరు. ఏజెంట్ నమోదైనప్పుడు తనకో గుర్తింపు తెచ్చుకుంటుంది. వజూ ఏజెంట్ అయితే దాన్ని తాళంచెవితో సహా ఒక ఫైల్లో దాస్తుంది. ఇమేజ్ తీస్తే ఆ ఫైలూ వెంటే వస్తుంది. ఇమేజ్‌ను సిద్ధం చేసే విండోస్ పనిముట్టు సిస్‌ప్రెప్ కొట్టాం కదా అంటారు. అది చెరిపేది విండోస్ సొంత గుర్తులను, బయటి ఏజెంట్ ఫైలు సంగతి దానికేం తెలుసు? రెండు యంత్రాలకు విండోస్ ఇచ్చే గుర్తింపు సంఖ్యలు, అంటే మెషీన్ ఎస్‌ఐడీలు, ఒకటైతే కొంప మునుగుతుందని ఏళ్ల తరబడి భయపడ్డాం. అది అపోహేనని 2009లో మైక్రోసాఫ్ట్‌కు చెందిన మార్క్ రస్సినోవిచ్ వాదించి, ఎస్‌ఐడీలను మార్చే తన న్యూసిడ్ పనిముట్టునే ఉపసంహరించుకున్నాడు. ఏజెంట్ గుర్తింపు విషయంలో అప్పుడు దొరికిన ఆ ఊరట కూడా లేదు. రాన్సమ్‌వేర్ దాడి తర్వాత పాత ఇమేజ్ నుంచి తిరిగి నిలబెట్టిన సర్వర్‌నే చూడండి: దాని కొత్త లాగ్‌లు చచ్చిన యంత్రం చరిత్రలో కలిసిపోతే, దొంగ మళ్లీ వచ్చాడో, అవి పాత ఆనవాళ్లో ఎవరు తేల్చాలి? అందుకే ఇమేజ్‌లో ఇన్‌స్టాలర్ ఉంటే ఉండనివ్వండి, నమోదు మాత్రం వద్దంటాను. యంత్రం పేరు ఖాయమయ్యాక స్క్రిప్టే ఆ పని చేయాలి. క్రౌడ్‌స్ట్రైక్ ఏజెంట్ ఇన్‌స్టాలర్‌లో ‘నో స్టార్ట్’ అనే ఆప్షన్ ఉన్నదిందుకే. ఆపైన హైపర్‌వైజర్ జాబితాను కన్సోల్ జాబితాతో సరిపోల్చాలి. తరచూ ఆ రెండూ ఒకరితో ఒకరు మాట్లాడుకోని రెండు బృందాల దగ్గర ఉంటాయి, అది ఇంకో గొడవ.